యజమానికి ప్రతినిధి లేడు

యజ్ఞానికి విహితమైన ద్రవ్యం లభించకపోతే యజమాని ఏమి చేయాలి? పూర్వమీమాంసలో జైమిని మహర్షి ఆరవ అధ్యాయం మూడవ పాదంలో ఈ ప్రశ్నను విస్తారంగా విచారించాడు. వ్రీహులు దొరకనప్పుడు నీవారధాన్యంతో పురోడాశం చేసి కర్మను నెరవేర్చవచ్చును. సోమలత దొరకనప్పుడు పూతీకలను దంచి రసం తీయవచ్చునని తాండ్యబ్రాహ్మణం అనుమతించింది. ఇట్లు ఒకదాని స్థానంలో నిలిచే ద్రవ్యానికి ‘ప్రతినిధి’ అని శాస్త్రవ్యవహారం. అయితే ఈ అనుమతికి కట్టుబాట్లు లేకపోలేదు. నిషిద్ధమైన ద్రవ్యం ఎన్నటికీ ప్రతినిధి కాజాలదు. మినుములు, ఆరికలు యజ్ఞానికి తగనివని శ్రుతి చెప్పినందున, ఎంత పోలిక ఉన్నా వాటిని వేరొక ధాన్యానికి బదులు వాడరాదు. దేవతకు, అగ్నికి, మంత్రానికి ప్రతినిధి లేదు. సత్రయాగాలలోని ప్రత్యేక విధిని అలా ఉంచితే, ఫలాన్ని అనుభవించవలసిన యజమానికి సైతం ప్రతినిధి లేడు. వడ్లు మారవచ్చును గాని, సంకల్పం చెప్పుకొన్నవాడు మారడానికి వీలులేదు.

పాఠశాలలలో విద్యార్థులు వల్లెవేసే ఈ విచారం నేటి గృహస్థునికి ఎందుకు అనిపించవచ్చును. కాని ప్రతినిధి ప్రశ్న నేడు యజ్ఞశాలను దాటి పెండ్లిపందిళ్ళలోకి, స్నేహితుల విందులలోకి వచ్చి కూర్చున్నది. మద్యానికి బదులుగా సేవించదగినవని చెప్పే పానీయాలు పట్టణాలలో నానాటికీ పెరుగుతున్నాయి. పెద్ద కర్మాగారాలలో కాక చిన్నచిన్న మొత్తాలలో, మూలికలతో, పండ్లతో, సుగంధద్రవ్యాలతో శ్రద్ధగా తయారుచేసే పానీయాలివి. తీపి తేయాకు కషాయాన్ని పులియబెట్టిన కొంబుచా, అల్లం పానీయాలు, మత్తులేని బీరు, మత్తులేని జిన్ను ఈ కోవలోనివే. వీటి ధర మద్యం ధరకు తీసిపోదు. గాజుపాత్ర కూడా మద్యానికి వాడేదే.

ఒక వైష్ణవగృహంలో ఇట్టి సందర్భాన్ని ఊహించుకోవచ్చును. కుమారుడు ఉద్యోగరీత్యా దూరనగరంలో ఉండి కొన్నేండ్లు మద్యానికి అలవాటుపడి, ఎంతో కష్టంమీద దానిని మానుకొన్నాడు. చెల్లెలి వివాహంలో పాతమిత్రులు చుట్టుముట్టి సీసాలు తెరిచిననాడు అతడు మత్తులేని బీరుసీసా ఒకటి చేతబట్టుకొని వారి మధ్య కూర్చున్నాడు. తండ్రి దూరంనుండి చూచాడు. అదే రంగు, అదే నురుగు, అదే సీసా. “మానినవాడికి ఈ వేషమెందుకురా?” అని నలుగురిలో గద్దించాడు. “ఇందులో మత్తు లేదు నాన్నగారూ, ఇది చేతిలో ఉంటే ఇంకొకటి తాగమని ఎవరూ బలవంతపెట్టరు” అని కుమారుడు బదులుచెప్పాడు. ఎవరి పక్షాన ధర్మమున్నది? దీనిని తేలికగా తీర్చడానికి వీలులేదు. ఇద్దరి మాటలలోను సత్యాంశం ఉన్నది.

ఈ చిక్కు కొత్తది కాదు. పాశ్చాత్యదేశాలలో దీనికి రెండువందల సంవత్సరాల చరిత్ర కలదు. 1832లో ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణంలో చీజు వర్తకుడైన జోసెఫ్ లివ్‌సీ మొదలైన ఏడుగురు మద్యాన్ని పూర్తిగా విసర్జిస్తామని ప్రతిజ్ఞాపత్రంమీద చేవ్రాలు చేశారు. ఆ ఉద్యమం నేతమిల్లుల పట్టణాలలో వేగంగా వ్యాపించింది. అయితే ఆ పెద్దలు ఒక సంగతిని గ్రహించారు. సాయంకాలం మిల్లునుండి వచ్చిన కూలివాడు సారాదుకాణానికి సారాకోసం మాత్రమే పోవడంలేదు. అక్కడ చలికాగడానికి మంట ఉన్నది, కూర్చోడానికి బల్ల ఉన్నది, మాట్లాడడానికి తోడు ఉన్నది. సారా మానుమని చెప్పి అతనిని చీకటి గదిలోకి పంపితే ఆ ప్రతిజ్ఞ ఎన్నాళ్ళు నిలుస్తుంది? కనుకనే మద్యం అమ్మని పానశాలలు వెలిశాయి. సారసపరిల్లా వంటి వేళ్ళతో, మూలికలతో కాచిన పానీయాలను అక్కడ అమ్మేవారు. 1908లో మాంచెస్టరులో జాన్ నోయెల్ నికల్స్ తయారుచేసిన విమ్టో అనే పానీయం ఆ వాతావరణంలో పుట్టినదే.

అమెరికాలో 1869లో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా నిలువచేసే పద్ధతిని కనుగొన్నాడు. తమ ఆరాధనలో ద్రాక్షాసవానికి బదులు మత్తులేని రసాన్ని వాడాలన్నది ఆయన సంకల్పం. ఇది దాదాపు మన శ్రౌతుల ఆలోచన వంటిదే. సౌత్రామణి యాగంలో సురాగ్రహాలు చెప్పబడ్డాయి. అయినా వాటి స్థానంలో పాలను గ్రహించే ఆచారం ఏర్పడింది. దేశాలు వేరు, మతాలు వేరు. దైవకార్యంలోకి మత్తు ప్రవేశించరాదన్న తలపు మాత్రం రెండుచోట్ల ఒక్కటే.

అదే దేశంలో చార్లెస్ హైర్స్ అనే మందులవర్తకుని కథ మరింత ఆలోచింపజేస్తుంది. వేళ్ళు, బెరళ్ళు, ఆకులు కలిపిన పానీయపు పొడిని ఆయన 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన మహాప్రదర్శనలో ప్రచారం చేశాడు. మొదట దానికి ‘వేళ్ళ తేనీరు’ అని పేరుపెట్టదలచాడట. గనుల కార్మికులు తేనీరంటే ముట్టరనీ, ‘బీరు’ అంటే తాగుతారనీ ఒక మిత్రుడు చెప్పగా ‘రూట్ బీర్’ అని మార్చాడని చెబుతారు. పేరు పనిచేసింది. కాని ఆ పేరే తరువాత ఆయనకు చిక్కు తెచ్చింది. మద్యవ్యతిరేక స్త్రీల సంఘంవారు 1895లో, ‘బీరు’ అన్న పేరున్నది గనుక ఇది బహిష్కరించదగినదన్నారు. రొట్టెలో ఉండేపాటి మద్యాంశం మాత్రమే అందులో ఉన్నదని పరీక్షలో తేలిన తరువాతనే, 1898లో, ఆ బహిష్కారం ముగిసింది. మత్తులేని పానీయం మద్యం పేరు పెట్టుకొని మద్యవిరోధులకు శత్రువైనది. మన కథలోని తండ్రి కోపం కూడ ఇటువంటిదే గదా!

జాన్ పెంబర్టన్ వృత్తాంతం ఇంకొక పార్శ్వాన్ని చూపుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడి, నొప్పికోసం వాడిన మార్ఫీనుకు ఆయన బానిస అయినాడు. కోకా ఆకును ద్రాక్షాసవంలో కలిపిన ఔషధాన్ని కొంతకాలం అమ్మాడు. 1886లో ఆయన ఊరైన అట్లాంటాలో మద్యనిషేధం రాగా, ఆసవాన్ని తొలగించి చక్కెరపాకంతో మరొక పానీయాన్ని సిద్ధపరచాడు. నేడు లోకమంతటా వ్యాపించిన కోకాకోలా అదే. ఆసవం పోయినది గాని కోకా ఆకులోని మత్తుపదార్థం మిగిలే ఉన్నది. దానిని తొలగించడం తరువాతి కాలపు మాట. పెంబర్టన్ 1888లో మరణించాడు. నిషిద్ధద్రవ్యం ప్రతినిధి కాజాలదని జైమిని చేసిన కట్టుబాటు ఎంత లోతైనదో ఈ ఉదంతం వల్ల తెలుస్తుంది. ఒక బంధం నుండి తప్పించడానికి మరొక బంధాన్ని అందిస్తే అది ప్రతినిధి కాదు, గొలుసులో మరొక కొలికి.

మన కాలంలో ఈ ధోరణి కొత్త ఊపు అందుకొన్నది. 2013లో ఇంగ్లండులో జనవరి నెలంతా మద్యం ముట్టకూడదన్న వ్రతం వంటి కార్యక్రమం మొదలైనది. 2015లో బెన్ బ్రాన్సన్ అనే అతడు సీడ్‌లిప్ అనే పేరుతో, మూలికలను బట్టీపట్టి తీసిన మత్తులేని పానీయాన్ని అమ్మకానికి తెచ్చాడు. 1651 నాటి ఒక బట్టీవిద్యా గ్రంథం ఆయనకు ప్రేరణ. 2019లో ఆ సంస్థలో అధికభాగాన్ని కొన్నవారు ప్రపంచప్రసిద్ధి పొందిన మద్యవ్యాపారులే. దీనిలో కుట్ర వెదకనక్కరలేదు. వర్తకుడు రెండు అంగళ్ళలోను తూకం వేస్తాడు. కొనేవాడే తాను ఏ అంగడికి ఎందుకు వచ్చినాడో తెలుసుకొనవలసి ఉన్నది.

ఇక శాస్త్రం వైపు చూస్తే, మద్యం విషయంలో మన గ్రంథాల ధోరణి లోకజ్ఞానంతో కూడినది. బెల్లంతో చేసినదీ, పిండితో చేసినదీ, ఇప్పపువ్వుతో చేసినదీ అని సుర మూడువిధాలనీ, దానిని పానం చేయడం మహాపాతకమనీ మనువు స్పష్టంగా విధించాడు. అదే మనువు ప్రాణులకు వీటిమీద ప్రవృత్తి సహజమనీ, నివృత్తికే గొప్పఫలమనీ కూడ అన్నాడు. భాగవతం ఏకాదశస్కంధం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఈ భోగాలను ఎవరూ విధించనక్కరలేదనీ, వివాహం, యజ్ఞం మొదలైన కట్టుబాట్లను శాస్త్రం ఏర్పరచింది వాటినుండి నివృత్తికోసమేననీ తేల్చింది. అంటే కట్టుబాటు గమ్యం కాదు, దారి.

కేవలం రాజశాసనంతో ఈ నివృత్తి కలుగుతుందా? మౌసలపర్వంలో ఒక ఘట్టం ఉన్నది. మునుల శాపం తరువాత ద్వారకలో ఇకపై ఎవరూ సుర కాచరాదనీ, కాచినవారిని బంధువులతోసహా కొరత వేస్తామనీ చాటింపు వేయించారు. భయంచేత ప్రజలు నియమాన్ని అంగీకరించారు. కాని ప్రభాసతీర్థానికి యాత్రగా వెళ్ళిన యాదవులు అక్కడ తాగారు. బ్రాహ్మణులకై వండిన అన్నంలో సుర కలిపి కోతులకు పెట్టారు. ఆ మత్తులోనే మాటామాటా పెరిగి, తుంగకాడలు రోకళ్ళై, వంశం నశించింది. సాక్షాత్తు శ్రీకృష్ణపరమాత్మ నివసించిన పట్టణంలోనే శాసనం మనస్సును మార్చలేకపోయినది. తెలుగునాట 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రగిల్చిన ఉద్యమఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలింది. ఆ తల్లుల పోరాటం వ్యర్థమని ఎవరూ అనరాదు. శాసనం గడపదాకా వచ్చి నిలిచిందనీ, లోపలి పని ఇంటివారిదే అయినదనీ మాత్రం ఒప్పుకొనవలసి ఉన్నది.

ఆ లోపలి పనిని గీతాచార్యుడు రెండవ అధ్యాయంలో నిర్దేశించాడు. ఆహారం మానినవానికి విషయాలు తొలగిపోతాయి గాని వాటిమీది రుచి తొలగదు; పరాన్ని దర్శించినప్పుడే ఆ రుచి కూడ నివర్తిస్తుందని భగవంతుని బోధ. మత్తులేని జిన్ను తాగేవానికి ఈ బోధ సూటిగా తగులుతుంది. ద్రవ్యం పోయినది, రుచి నిలిచినది. మీమాంసకులు చెప్పిన ఒక సూక్ష్మాన్ని ఇక్కడ తలచుకోవాలి. నీవారాలను ప్రతినిధిగా వాడినా మంత్రంలోని వ్రీహిశబ్దాన్ని మార్చనక్కరలేదు. ఏలయన యజమాని నీవారాలను నీవారాలుగా గ్రహించడంలేదు. వాటిలోని వ్రీహిసాదృశ్యాన్నే గ్రహిస్తున్నాడు. చేతిలో నీవారం, మనస్సులో వ్రీహి. యజ్ఞంలో ఇది గుణం. మద్యం మానదలచినవాని విషయంలో ఇదే దోషం కావచ్చును. చేతిలో మూలికాజలం, మనస్సులో మద్యం!

అట్లైతే తండ్రి గద్దింపే న్యాయమా? కాదు. ప్రతినిధిని విచారించేటప్పుడు ముందుగా అడగవలసినది, నెరవేరవలసిన కర్మ ఏది అని. ద్రవ్యం కర్మకోసమే గాని కర్మ ద్రవ్యంకోసం కాదు. పానంలో నెరవేరవలసినది మత్తే అయితే దానికి ప్రతినిధి అవసరమే లేదు. ఆ కర్మే విడువదగినది. కాని మిత్రులతో కూర్చోవడం, అతిథిని గౌరవించడం, దప్పి తీర్చుకోవడం, దినమంతా శ్రమించినవాడు కొంతసేపు నిశ్చింతగా ఉండడం విడువదగినవి కావు. మద్యం వాటిని ఆక్రమించుకొన్నది. ఆక్రమించినదానిని తొలగించి ఆ స్థానంలో నిర్దోషమైనదానిని నిలిపితే ధర్మానికి లోపమేమి? కుమారుడు ఆ సీసాను కవచంగా పట్టుకొన్నాడు. కవచం అందంగా లేదని యుద్ధంలో ఉన్నవానిని నలుగురిలో అవమానించడం తండ్రి చేయవలసిన పని కాదు.

చరకమహర్షి సూత్రస్థానంలో చెప్పిన క్రమం కూడ ఇక్కడ పనికివస్తుంది. అలవాటైన అహితాన్ని పాదం చొప్పున విడుస్తూ, హితాన్ని అదే క్రమంలో అలవరచుకోవాలని ఆయన ఉపదేశం. విడిచిన పావుభాగం ఖాళీగా ఉండరాదు. అందులోకి మంచిది వచ్చి చేరాలి. చిరకాలం అధికంగా తాగినవారు ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పు రావచ్చునని నేటి వైద్యులు కూడ హెచ్చరిస్తున్నారు. అట్టివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానుకోవాలి. ఇంట్లో దీక్ష పట్టించి తలుపు గడియవేయడం భక్తి కాదు, అజ్ఞానం.

అయితే కుమారునికి కూడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. రంగు, నురుగు, వాసన, సీసా అన్నీ బీరువే అయిన పానీయం కొందరిలో పాతకోరికను తిరిగి లేపుతుంది. పోలిక ఎంత తక్కువైతే మేలు అంత ఎక్కువ. పైగా సీసామీది చీటీ చదవాలి. మనదేశపు ఆహారప్రమాణాలలో నూటికి అరవంతుకు మించి మద్యాంశం ఉన్నదానినే మద్యపానీయంగా లెక్కిస్తారు. అంతకు లోబడినది మద్యంగా లెక్కకురాదు గాని, సున్న అని చెప్పడానికీ వీలులేదు. కొంబుచా పులిసేది గనుక అందులోనూ కొంత మద్యాంశం పుడుతుంది. వ్రతనియమం గల వైష్ణవులు ఈ సంగతి ఎరిగి నిర్ణయించుకోవాలి. ఇక ఎన్నడూ మద్యం ముట్టనివారు కొత్తమోజుతో మత్తులేని జిన్నును రుచిచూడడంలో ఏ ప్రయోజనమూ కనిపించదు. రోగం లేనివాడు చేతికర్ర పట్టుకొని నడక నేర్చుకొనడమెందుకు?

మద్యానికి నకలు కాక తనకు తానుగా ఒక గౌరవం ఉన్న పానీయమే మేలైన ప్రతినిధి. తెలుగునేలమీద దీనికి నీరా చక్కని నిదర్శనం. తాటిచెట్టు పూగెల కొనను చెక్కి లొట్టి కట్టితే రాత్రంతా తీయని రసం ఊరుతుంది. లొట్టికి లోపల సున్నం పూసి, సూర్యోదయానికి ముందే దించి, చల్లగా ఉంచితే అది నీరా. పసిపిల్లలు కూడ తాగవచ్చును. సున్నం లేక ఎండపొడ తగిలితే గాలిలోని సూక్ష్మజీవులు అందులోని చక్కెరను కొన్ని గంటలలోనే మద్యంగా మార్చివేస్తాయి. అప్పుడది కల్లు. చెట్టు ఒకటే, గీసిన చేయి ఒకటే. నీరానూ తాటిబెల్లాన్నీ ప్రోత్సహిస్తే గీతకార్మికుని జీవనం చెడకుండా కల్లు తగ్గుతుందని మహాత్మాగాంధీ ఆలోచించాడు. హైదరాబాదులో హుసేన్‌సాగరు తీరాన 2023లో ప్రభుత్వపక్షాన ఒక నీరా కేంద్రం ప్రారంభమైనది. మద్యనిషేధాన్ని గురించి మాట్లాడేవారు ఆ మద్యంమీదనే బ్రతికే నిరుపేదను మరచిపోవడం కద్దు. నీరా ఆలోచనలో ఆ లోపం లేదు.

బెల్లం సంగతీ అంతే. మనువు చెప్పిన మూడు సురలలో మొదటిది బెల్లంతో చేసినది. అదే బెల్లాన్ని నీళ్ళలో కలిపి, మిరియాలు, యాలకులు దంచివేస్తే శ్రీరామనవమి పానకం. ఒకటి కుండలో దినాలతరబడి పులిసి బుద్ధిని హరిస్తుంది. ఇంకొకటి పందిరిలో అప్పటికప్పుడు కలిసి ఎండనపడి వచ్చినవారి బడలిక తీరుస్తుంది. పానకానికి మద్యం పేరు అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు. దానిని పుచ్చుకొనేవానిని, ఇది దేనికి బదులు తాగుతున్నావని ఎవరూ అడగరు. పందిట్లో అది అందరికీ ఇచ్చేది. నిన్నమొన్న మద్యం మానినవాడు అక్కడ నలుగురిలో ఒకడై పోతాడు, వేరుగా కనబడడు. పెండ్లిళ్ళలో పిల్లవాని తండ్రులు పానకపు బిందెలను వడ్డనబల్లల దగ్గర కాక, యువకులు గుంపుగా కూర్చొనే చోటనే పెట్టించితే, మన కథలోని కుమారునికి ఆ సీసా అవసరమే కలగకపోవును. మధుమేహం గలవారికి మాత్రం పలుచని మజ్జిగయో, నిమ్మనీళ్ళో ఉంచడం మరువరాదు.

మంగళగిరి స్థలపురాణంలో ఈ ప్రతినిధి న్యాయం భగవంతుని సన్నిధిలోనే కనిపిస్తుంది. కొండమీది నరసింహస్వామికి కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు నివేదనగా ఉండేవనీ, కలియుగంలో పానకం చాలునని స్వామి అనుగ్రహించాడనీ అక్కడి ప్రసిద్ధి. యుగానుసారం ద్రవ్యం దిగివచ్చినది. పుచ్చుకొనే స్వామి మారలేదు, ఇచ్చే భక్తుడు తన బదులు ఇంకొకరి భక్తిని పంపడానికీ వీలులేదు. అర్చకుడు భక్తుడు తెచ్చిన పానకాన్ని శంఖంతో స్వామి నోట పోస్తాడు. గుటకవేసిన శబ్దం వినవస్తుంది. ఆ శబ్దం ఆగగానే పోయడం ఆపి, మిగిలిన సగాన్ని తెచ్చినవారికే ప్రసాదంగా తిరిగి ఇస్తాడు. మెట్లన్నీ ఎక్కి వచ్చిన దాహంతో వారు దానిని ముసలివారికీ పిల్లలకూ పంచి, మిగిలినది ఇంటి దగ్గర ఉన్నవారికోసం సీసాలో పోసుకొని దిగుతారు.